అమ్మ మొక్కుకుంది, నేను జూన్‌లో సెమినరీకి వెళ్తున్నాను

ప్రశ్న: మాస్టారికి నమస్కారాలు. మాది పల్నాడులో ఓ పల్లె. కతోలికులం. నాకు 21 ఏళ్ళు, ఈ ఏడే బీకాం అయింది. జూన్‌లో మా మేత్రాసనం (బిషప్ గారి పరిధి) తరఫున, ఫాదర్లని తయారుచేసే సెమినరీలో చేరుతున్నాను. మా అమ్మకి పెళ్ళయిన ఆరేళ్ళదాకా పిల్లల్లేరట. గుణదల కొండెక్కి, కొడుకు పుడితే గురువుగా, అంటే ఫాదర్‌గా, ఇచ్చేస్తానని మరియమాతకి మొక్కుకుందట. ఊహ తెలిసినప్పటినుంచీ ఆ మాట వింటూనే పెరిగాను. నాకూ ఇష్టమే. కానీ ఈమధ్య రాత్రిళ్ళు, ఇది నా ఇష్టమా, అమ్మ మొక్కా అని అనుమానం వస్తోంది. నాన్న అవుననడు, కాదనడు. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు, మిర్చి వేస్తాం. నేను ఒక్కణ్ణే కొడుకుని. చెల్లి ఇంటర్ చదువుతోంది.

ఈస్టర్ అయినప్పటినుంచీ నేనో టైంటేబుల్ పెట్టుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటికి లేచి జపమాల, సాయంత్రం గుళ్ళో గంటసేపు, శుక్రవారం ఉపవాసం, సినిమాలూ క్రికెట్టూ బంద్. నాన్న ఒక్కడే కల్లంలో ఉంటున్నాడు. నన్ను పిలవడు. డిగ్రీలో ఒక క్లాస్‌మేట్‌తో మూడేళ్ళ స్నేహం. పైకి ఏమీ అనుకోలేదు గానీ ఇద్దరికీ తెలుసు. ఈస్టర్ నుంచి ఆమె మెసేజ్‌లకి జవాబివ్వడం మానేశాను. మా పెదనాన్న 'అక్కడ మన కులపోళ్ళని పైకి రానిస్తారా' అంటాడు. మా బాబాయేమో 'మా ఊరి తొలి ఫాదర్ గారికి శుభాకాంక్షలు' అని నా ఫొటోతో ఫ్లెక్సీకి అడ్వాన్సు కూడా ఇచ్చేశాడు. ఈ రెండు నెలలూ నేను ఎలా ఉండాలి? చేస్తున్నది సరేనా?

జవాబు: బాబూ, అన్నిటికంటే తొందరగా తేల్చాల్సింది ఫ్లెక్సీ సంగతి. ఇవాళ సాయంత్రమే మీ బాబాయి దగ్గరికి వెళ్ళి ఆపించెయ్. అడ్వాన్సు పోతే పోయింది, ఆ డబ్బు నువ్వే ఇచ్చెయ్. బాబాయి నొచ్చుకుంటాడు. నొచ్చుకోనీ.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నేను ఆ దారిన వెళ్ళి తిరిగొచ్చినవాణ్ణి. 1991 జూన్‌లో వెళ్ళాను, 1995లో వచ్చేశాను. ఇప్పుడు హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను, పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. మా కాలంలో ఫ్లెక్సీలు లేవు గానీ డప్పులుండేవి. విచారణ గురువులు, అంటే మా చర్చి ఫాదర్ గారు, వద్దన్నా వినకుండా మా ఊరివాళ్ళు నా మెళ్ళో బంతిపూల దండ వేసి బస్టాండు దాకా మేళంతో నడిపించారు. దారిలో ముసలమ్మలు 'స్తోత్రం ఫాదర్' అంటూ చేతులు పట్టుకుంటుంటే నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు. పందొమ్మిదేళ్ళవాడికి ఇంకేం కావాలి? ఇది నా దారి కాదని నాకూ, నా ఆధ్యాత్మిక గురువుకీ నమ్మకం కుదిరాక కూడా నేను అక్కడ ఇంకో ఎనిమిది నెలలు ఉండిపోయాను. దేవుడి మీద ఆశతో కాదు, ఆ డప్పులు గుర్తొచ్చి. ఏ మొహం పెట్టుకుని ఊళ్ళో దిగాలో తెలియక. చివరికి రాత్రి ఆఖరి బస్సుకి వచ్చి, పెద్దవీధి వదిలేసి, చెరువుకట్ట మీదుగా ఇంటికి నడిచాను.

వెళ్ళేటప్పుడు మా నాన్న రేకు ట్రంకుపెట్టె కొనిచ్చాడు, తాళంతో సహా. దానికి రెండు చెవులు. ఒకటి నాకిచ్చి రెండోది తన మొలతాడుకి కట్టుకున్నాడు. 'నీకెందుకు నాన్నా' అంటే 'నీది పోతే?' అన్నాడు. తిరిగొచ్చిన రాత్రి చూసుకుంటే నిజంగానే నా చెవి లేదు, బస్సులో ఎక్కడో పడిపోయింది. నాన్న పంచె జరిపి, మొలతాడు ముడి విప్పి, ఆ చెవితో పెట్టె తీశాడు. నాలుగేళ్ళయినా దానికి తుప్పు లేదు, కొబ్బరినూనె వాసన వేసింది. ఏమీ అడగలేదు. 'అన్నం తిను' అన్నాడు, అంతే.

వెళ్ళినవాళ్ళంతా వెనక్కొస్తారని బెదిరించడం లేదు. నాతోపాటు చేరినవాళ్ళలో ఐదుగురు ఇవాళ గురువులు. అందులో ఒకాయన మా పిల్లలిద్దరికీ జ్ఞానస్నానం ఇచ్చాడు. నిన్న కూడా ఫోన్లో అరగంట క్రికెట్ మాట్లాడుకున్నాం. నేను చెప్పేది ఒక్కటే. వెళ్ళే దారి ఎంత వెడల్పో, వచ్చే దారీ అంత వెడల్పుగా ఉంచుకో. అప్పుడే అక్కడ ఉండాలనుకుంటే ఉంటావు, సిగ్గుకి జడిసి కాదు.

మరి ఊరు నీకోసం ఏమీ చేయకూడదా అంటే, చేయొచ్చు. ఈస్టర్ కాలంలో నాలుగో ఆదివారం, మంచి కాపరి ఆదివారం అంటాం కదా, 1964 నుంచి ప్రపంచమంతటా శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, ఆ రోజున దైవపిలుపుల కోసం, ఈ దారిలోకి వచ్చేవాళ్ళ కోసం, ప్రార్థిస్తోంది. ఆ పూజలో ఫాదర్ గారు నిన్ను ముందుకి పిలిస్తే వెళ్ళు. తల వంచి ఆశీర్వాదం తీసుకో. మైకు ఇస్తే 'నాకోసం ప్రార్థించండి' అని చెప్పి దిగిపో. ప్రసంగం చేయడానికి ముందు ముందు చాలా ఆదివారాలున్నాయి, భరించేవాళ్ళు భరిస్తారు.

అసలు సంగతి ఏమిటంటే, జూన్‌లో గేటు దాటగానే నువ్వు ఎవరికీ ఏ మాటా ఇచ్చినట్టు కాదు. ఇది చాలామందికి తెలియదు, మీ బాబాయికి అసలే తెలియదు. 2016 డిసెంబరులో వాటికన్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ముందు సన్నాహక దశ, ఏడాదికి తగ్గకుండా, రెండేళ్ళకి మించకుండా. తర్వాత తత్వశాస్త్రం కనీసం రెండేళ్ళు, దైవశాస్త్రం నాలుగేళ్ళు. మధ్యలో కొంతకాలం ఏదో ఒక విచారణలోనో బడిలోనో పనిచేయిస్తారు. మన తెలుగు మేత్రాసనాలవాళ్ళు ఎక్కువగా తత్వశాస్త్రానికి ఉత్తరాంధ్రలోని కొండడాబకీ, దైవశాస్త్రానికి హైదరాబాద్ రామంతపూర్‌కీ వెళ్తారు. గురుపట్టానికి 25 ఏళ్ళు నిండాలి, దానికి ముందు మెట్టయిన డీకన్ పట్టానికి 23. ఆ రెంటి మధ్యా కనీసం ఆరు నెలలు. బ్రహ్మచర్యం పాటిస్తానని మాట ఇచ్చేది డీకన్ పట్టంతో. దానికి ముందు నీ సొంత దస్తూరీతో, 'ఇది నా ఇష్టంతోనే తీసుకుంటున్నాను' అని రాసి, సంతకం పెట్టి బిషప్ గారికి ఇవ్వాలి. శ్రీసభ ధర్మశాస్త్రంలో 1036వ నియమం అది. చూశావా, శ్రీసభ నిన్ను ఏళ్ళ తరబడి ఆగి మరీ అడుగుతుంది. మీ బాబాయేమో ఏప్రిల్లోనే స్తంభానికి కట్టేస్తున్నాడు.

ఇక మొక్కు. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది అదే.

అదే ధర్మశాస్త్రంలో 1193వ నియమం ఉంది. మొక్కు దాని స్వభావం చేత మొక్కుకున్నవాళ్ళకే బాధ్యత, ఇంకొకరికి కాదు. అమ్మ తాను ఇవ్వగలిగింది మొక్కుకుంది. కొడుకుని గుడికి తీసుకెళ్ళడం, పరలోక జపం, మంగళవార్త జపం నేర్పడం, వెళ్తానంటే ఏడ్చుకుంటూనైనా పంపడం. ఆ మాత్రం ఆవిడ ఎప్పుడో తీర్చేసింది. నీ జీవితం ఆవిడ మొక్కులోకి రాదు. ఎవర్నీ ఏ కారణంతోనూ గురుపట్టానికి బలవంతం చేయకూడదని 1026వ నియమం మళ్ళీ విడిగా చెబుతుంది. అదే నియమం, యోగ్యుడైనవాణ్ణి అడ్డుకోకూడదని కూడా చెబుతుంది. రెండో సగం పట్టుకెళ్ళి నాన్న ముందు చదవకు. ఇంట్లో నియమాల నంబర్లు పనిచేయవు.

అమ్మకి చెప్పాలంటే హన్నా కథ ఉంది, ఆవిడకి నీకంటే బాగా తెలిసే ఉంటుంది. హన్నా కూడా పిల్లల్లేక గుళ్ళో ఏడ్చి మొక్కుకుంది. సమూవేలు పుట్టాడు, పాలు మాన్పించాక తెచ్చి గుళ్ళో అప్పగించింది. మొక్కు చెల్లిపోయింది. కానీ కథ అక్కడ ఆగలేదు. ఓ రాత్రి దేవుడు ఆ పిల్లవాణ్ణి పేరుపెట్టి పిలిచాడు. వాడు ముసలి ఏలీ పిలిచాడనుకుని మూడుసార్లు పరుగెత్తుకెళ్ళాడు, రెండుసార్లు 'నేను పిలవలేదు, పోయి పడుకో' అనిపించుకున్నాడు, మూడోసారికి పిలుస్తున్నది దేవుడని ఏలీకి అర్థమైంది. తల్లి ఎప్పుడో ఇచ్చేసిన పిల్లవాణ్ణి దేవుడు మళ్ళీ విడిగా ఎందుకు పిలవాలి? జవాబు వాడి నోటి నుంచి రావాలి కాబట్టి. నీకు రాత్రిళ్ళు నిద్ర పట్టకపోవడం కూడా నాకు అలాగే కనిపిస్తోంది. పిలిచింది అమ్మా, ఇంకెవరన్నానా అని లేచి చూస్తున్నావు. లేవడం తప్పు కాదు.

అలాగని అమ్మ దగ్గర మొదలైన ఇష్టం దొంగ ఇష్టం అనుకోకు. మా ఊళ్ళో కమ్మరాయన కొడుక్కి కొలిమి అంటే ప్రాణం. అది తండ్రి దగ్గర అంటుకున్నదే. అంటుకున్నాక వాడిదే. నీది ఎంతవరకు నీదైందో తెలుసుకోడానికి ఓ దారి ఉంది. విచారణ గురువులకు మామూలు జనం మొక్కుకున్న సొంత మొక్కుల్ని తగిన కారణం ఉంటే సడలించే అధికారం ఉంది. 1196వ నియమం. అమ్మని తీసుకుని ఫాదర్ గారి దగ్గరికి వెళ్ళు. ఆవిడతోనే అడిగించు. ఆయన మొక్కు సడలించవచ్చు, లేదా ఇంకో మంచి పనిగా మార్చుకోమనవచ్చు, పేదింటి పిల్ల పుస్తకాల ఖర్చో, గుడికి ఏదైనానో. ఆ రోజు ఇంటికి వస్తూ దారిలో నీకేమనిపించిందో చూసుకో. హమ్మయ్య అనిపించిందా? ఏదో పోగొట్టుకున్నట్టు బోసిగా ఉందా? రెండూ కలగలిసి కూడా ఉండొచ్చు. ఏదైనా సరే, దాచకుండా మీ వొకేషన్ డైరెక్టర్ ఫాదర్‌కి, అంటే సెమినరీకి వెళ్ళేవాళ్ళని చూసుకునే ఆయనకి, చెప్పు. ఆ మొక్కు తీసేశాక కూడా వెళ్ళాలనిపిస్తే, జూన్‌లో నువ్వు నీ కాళ్ళతో నడిచి వెళ్తున్నట్టు. అమ్మ మొదట భయపడుతుంది, 'మాత ఏమనుకుంటుందో' అని. ఆ భయం తీర్చాల్సింది ఫాదర్ గారు, నువ్వు కాదు.

టైంటేబుల్ మాత్రం చింపెయ్.

కోప్పడటం లేదు. నేనూ సరిగ్గా ఇలాగే చేశాను కాబట్టి చెబుతున్నాను. ఆ ఎండాకాలం నేను మూడు నవదిన జపాలు పూర్తిచేశాను. మా కల్లంలో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) కట్టారో మాత్రం నాకు తెలియదు. నాన్న ఒక్కడే గోనెలకి కుట్లు వేసుకున్నాడు. తెల్లారకముందే లేపడానికి అక్కడ గంట ఉంటుంది బాబూ, నువ్వు వద్దన్నా ఏళ్ళ తరబడి మోగుతుంది. దానికి ఇక్కడ రిహార్సల్ అక్కర్లేదు. ఇక్కడ ఉన్నది అక్కడ దొరకదు.

రేపు పొద్దున్నే కల్లానికి వెళ్ళు. ఆఖరి కోత కాయ ఇంకా పట్టాల మీదే ఉండి ఉంటుంది. తాలు ఏరే ఆడవాళ్ళ పక్కన గోనె పరుచుకుని కూర్చో. ఘాటుకి తుమ్ములొస్తాయి, మధ్యాహ్నానికి వేళ్ళ సందులు మండుతాయి, ఆ చేత్తో కళ్ళు నలుపుకుంటే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పటికే వాళ్ళు నిన్ను 'ఫాదర్ గారూ' అని ఆటపట్టిస్తుంటారు. 'పిన్నీ, ఫాదరుకి మంచినీళ్ళు ఇయ్యరా' అని నువ్వూ ఓ మాట అను, రెండు రోజుల్లో మానేస్తారు. నాన్న దగ్గర సెమినరీ మాట ఎత్తకు. అసలు ఏమీ మాట్లాడకపోయినా పర్లేదు. వేపచెట్టు కింద క్యారేజీ విప్పినప్పుడు, ఓ వారానికో పది రోజులకో, ఆయనే ఏదో అంటాడు. 'కౌలు చేను వదిలేద్దామనుకుంటున్నా' అనొచ్చు. సెమినరీ గురించి ఆయన అన్న మొదటి మాట అదేనని గుర్తుపట్టు. 'దేవుడే చూసుకుంటాడు నాన్నా' అని మాత్రం అనకు. ఎన్నెకరాలు, ఎవరి చేను, కౌలు ఎంత, అని అడుగు.

మార్కు సువిశేషం మొదటి అధ్యాయంలో యాకోబు, యోహాను తండ్రిని వదిలి యేసు వెంట వెళ్ళిన సంగతి ఉంది కదా. మత్తయి కూడా అదే సంగతి రాశాడు. కానీ వాళ్ళ తండ్రి జెబదాయిని పడవలో 'పనివారితో' వదిలి వెళ్ళారని రాసింది మార్కు ఒక్కడే. ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసార్లు ఆగాను. పిల్లలు వెళ్ళిపోయినా మర్నాడు ఆ పడవ నడిచి ఉంటుంది. మీ నాన్న పడవ మర్నాడు ఎవరు నడుపుతారు? మీ ఇంట్లో ఫోన్ పనులన్నీ నువ్వే చేస్తుంటావని నా ఊహ. కౌలు గుర్తింపు కార్డు కోసం తిరిగేది నువ్వు, ఈ-పంట నమోదుకి వేలిముద్ర వేయించేది నువ్వు, పంట రుణం రెన్యువల్‌కి బ్యాంకులో లైన్లో నిలబడేది నువ్వు, గుంటూరు యార్డులో ఇవాళ రేటెంతో చూసి చెప్పేదీ నువ్వే. ఈ రెండు నెలల్లో ఇవన్నీ చెల్లికి నేర్పు. పక్కనే ఉండి ఆమె చేత చేయించు, నువ్వు చేసి చూపించడం కాదు. ఏ ఆఫీసులో ఎవర్ని కలవాలి, ఏ కాగితం ఏ కవర్లో ఉంది, కోల్డ్ స్టోరేజీ రసీదులు ఎక్కడ దాచారు, అప్పులు ఎవరికెంత, ఓ రెండు వందల పేజీల నోటుబుక్కులో రాసివ్వు. 'ఆడపిల్లకెందుకివన్నీ' అనేవాళ్ళు తప్పకుండా ఉంటారు. వినకు. బైకు నీ పేరుమీద వాయిదాల్లో ఉంటే దాని సంగతి కూడా తేల్చు, అమ్మేయడమో తీర్చేయడమో. నువ్వు అక్కడ ధ్యానంలో ఉంటే ఇక్కడ ఫైనాన్స్ కుర్రాళ్ళు నాన్న ముందు నిలబడటం బాగుండదు.

జపం మానమనడం లేదు. మే నెల మరియమాత నెల, మీ ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి జపమాల చెబుతారనుకుంటాను. వెళ్ళు, అందరితో పాటు వెనక వరసలో కూర్చుని చెప్పు. ఆదివారం పూజ, వీలైతే ఇంకో రోజు. ఓసారి తీరికగా పాపసంకీర్తనం, ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోవడం. చాలు. శుక్రవారం ఉపవాసం ఉండి కల్లంలో బస్తాలు మోస్తే కళ్ళు తిరుగుతాయి, అన్నం తిని మోయి. సినిమాకి వెళ్ళు. క్రికెట్ ఆడు. అక్కడ సాయంత్రం వాలీబాల్ ఉంటుంది. ఆట రానివాణ్ణి ఎవరూ పుణ్యాత్ముడనుకోరు, నెట్టు కట్టమంటారు.

ఆ అమ్మాయి. ఇక్కడ నువ్వు చేసింది తప్పు, మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. మూడేళ్ళు మాట్లాడిన మనిషికి జవాబివ్వడం మానేయడం బ్రహ్మచర్యం కాదు, పిరికితనం. ఆమె ఈస్టర్ నుంచీ తాను చేసిన తప్పేమిటా అని ఫోన్ చూసుకుంటూ ఉంటుంది. కలిసి చెప్పు. పగటిపూట, నలుగురూ తిరిగే చోట, పావుగంట. జూన్‌లో వెళ్తున్నానని, ముందే చెప్పకపోవడం తప్పేనని, మెసేజ్‌లు చూసి కూడా ఊరుకున్నందుకు క్షమించమని. అంతకంటే ఎక్కువ వద్దు. 'నువ్వంటే నాకు ఇష్టమే కానీ దేవుడు పిలుస్తున్నాడు' అన్న డైలాగు అసలొద్దు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని నువ్వు మంచివాడివైపోతావు, ఆమె దేవుడితో పోటీపడ్డ మనిషి అయిపోతుంది. 'ఒకవేళ తిరిగొస్తే' అన్న మాట కూడా వద్దు. ఆమె రెండేళ్ళు ఎదురుచూసేలా ఓ చిన్న ఆశ వదిలి వెళ్ళడం కంటే పాపం లేదు. ఆమె కోప్పడితే విను. ఏడిస్తే కూర్చో. ఏదీ సర్దిచెప్పాలని చూడకు.

అలా చెప్పేటప్పుడో, చెప్పి వచ్చాకో, నీ లోపల గట్టిగా ఏదైనా కదిలితే దాన్నీ తొక్కిపెట్టకు. మనసు పడటం ఆగిపోయినవాళ్ళే గురువులవుతారని ఎవరైనా చెబితే నమ్మకు. నాతో చదివి గురువులైనవాళ్ళలో ఒక్కరికీ అది ఆగిపోలేదు. దాచుకున్నవాళ్ళే దెబ్బతిన్నారు. ఆధ్యాత్మిక గురువుకి చెప్పుకున్నవాళ్ళు నిలబడ్డారు, కొందరు నాలా బయటికొచ్చి సుఖంగా ఉన్నారు. అలాగే అక్కడ ఎవరైనా, ఎంత పెద్దవాళ్ళైనా, హద్దు మీరి ప్రవర్తిస్తే అదీ దాచకు. విధేయతకీ దానికీ సంబంధం లేదు.

మీ పెదనాన్న మాట నేను కొట్టిపారెయ్యను. తెలుగు శ్రీసభలో కులం లేదంటే అబద్ధమాడినట్టే. పెళ్ళి సంబంధాల్లో ఉంది, గుసగుసల్లో ఉంది. చెప్పులతో పాటు దాన్ని కూడా గేటు బయట విప్పి రావడం ఎవరివల్లా కాలేదు. నేనున్న చోట భోజనాల బల్ల దగ్గర ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో చూస్తే ఇట్టే తెలిసిపోయేది. ఓ మాట నన్నూ అన్నారు, అది ముప్పై ఏళ్ళయినా నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది, ఇక్కడ రాయను. ఇంకో సంగతి కూడా పెదనాన్నకి చెప్పు. కార్డినల్ పూల ఆంతోని గారు 1961లో కర్నూలు జిల్లాలో పుట్టారు. ఇంట్లో లేమి వల్ల ఏడో తరగతితో చదువు ఆగిపోయింది. మిషనరీలు చేరదీసి మళ్ళీ బళ్ళో వేశారు. 1992లో గురువయ్యారు, 2008లో కర్నూలు బిషప్, 2020లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతిగా, అంటే ఆర్చ్‌బిషప్‌గా, నియమించారు. 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్ ఆయనే, తొలి దళిత కార్డినలూ ఆయనే. దాంతో అంతా బాగుపడిపోయిందని కాదు. పెదనాన్న అడిగినదానికి 'రానివ్వరు' అన్నది ఒక్కటే జవాబు కాదని మాత్రం తెలుస్తుంది. అయినా నువ్వు అక్కడికి వెళ్తున్నది పైకి రావడానికా అని ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేరు.

నువ్వు రాయలేదు గానీ నాకు తెలుసు, తెలుగు మీడియం పిల్లలకి ఇంకో దిగులుంటుంది. పాఠాలన్నీ ఇంగ్లీషులో. నేను మొదటి మూడు నెలలు తత్వశాస్త్రం ఫాదరు చెప్పేదాంట్లో 'గుడ్ మార్నింగ్' తప్ప ఏమీ అర్థం కాక కూర్చున్నాను. విచారణ గురువులందరికీ పాలకపునీతుడు జాన్ మరియ వియాన్నీ గారి సంగతి తెలుసుగా, లాటిన్ తలకెక్కక నానా అవస్థ పడి, 1815లో 29 ఏళ్ళప్పుడు గురువయ్యారు. ఆయన కథ విని ధైర్యం తెచ్చుకో, కానీ ఊరుకోకు. మార్కు సువిశేషం పదహారే అధ్యాయాలు, నాలుగింటిలోకీ చిన్నది. తెలుగుదీ ఇంగ్లీషుదీ పక్కపక్కన పెట్టుకుని, వారానికి రెండు అధ్యాయాల చొప్పున పైకి చదువు. నోరు తిరగాలి, మనసులో చదివితే లాభం లేదు. చెల్లిని కూర్చోబెట్టుకుంటే ఆమెకీ పనికొస్తుంది.

కాగితాల పని నాలుగు రోజులు పడుతుంది. జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) ధృవపత్రాలు తప్పనిసరి. అమ్మానాన్నల పెళ్ళి ధృవపత్రం కూడా అడుగుతారు. పాత విచారణ రిజిస్టర్లలో పేర్లు తప్పులుంటాయి, ముందే చూసుకో. డిగ్రీ మార్కుల మెమోలు, టీసీ ఒరిజినల్స్ ఇవ్వాల్సొస్తే ఇవ్వు, కాపీలు చెల్లి దగ్గర ఉంచు. పళ్ళు, కళ్ళు ఓసారి చూపించుకో. బట్టలు ఉతుక్కోవడం, గంజి పెట్టుకోవడం, పదిమందికి అన్నం వండటం ఇప్పుడే అమ్మ దగ్గర నేర్చుకో. అక్కడ మరుగుదొడ్లు కడిగే వంతు కూడా వస్తుంది, మొదటి వారమే వస్తే నన్ను తలుచుకో. ఫోన్ ఎప్పుడెప్పుడు ఇస్తారో, ఇంటికి ఎన్నాళ్ళకోసారి పంపుతారో, ఖర్చులో ఇంటివాళ్ళు ఏమైనా భరించాలో డైరెక్టర్ ఫాదర్‌ని మొహమాటం లేకుండా అడిగి అమ్మానాన్నలకి ముందే చెప్పెయ్. అమ్మకి తేదీలు కావాలి. హన్నా ఏటేటా చిన్న అంగీ కుట్టి పట్టుకెళ్ళేదట, ఎప్పుడు వెళ్ళాలో ఆవిడకి తెలుసు.

వెళ్ళేముందు ఇంట్లో ఓ పూట భోజనం పెట్టించు. ఊరందరికీ కాదు. ఎలీషా ప్రవక్త వెళ్తూ వెళ్తూ తాను దున్నుతున్న ఎడ్లనే కోసి, కాడి కర్రలతో వండి, తన వాళ్ళకి పెట్టి వెళ్ళాడు. నువ్వు ఎడ్ల జోలికి పోకు, కోడి చాలు. మీ కల్లంలో పనిచేసిన వాళ్ళనీ, చిన్నప్పుడు నీకు జపాలు నేర్పిన ఉపదేశి గారినీ, నీతో క్రికెట్ ఆడిన కుర్రాళ్ళనీ పిలువు. బాబాయిని వడ్డించమను, ఫ్లెక్సీ కోపం దాంతో పోతుంది.

మే నెలలో అమ్మ ఆవకాయ పెడుతుంది, నీకో సీసా కట్టిస్తుంది. ఒక్కటి చాలదు, రెండు అడుగు. ఒకటి మొదటి రోజే అందరూ తినే బల్లమీద పెట్టేసెయ్, మూడో రోజుకి అడుగంటుతుంది. రెండోది పెట్టెలో బట్టల కింద పెట్టుకో.